రాతి కొంగు

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది మా షెడ్డులోనే, దీక్షిత విగ్రహం ముందర. చేతిలో ఉలి ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు. ఈ వారమే కొత్తగా చదివేవాళ్లకు నాలుగు మాటల్లో సంగతి చెప్తా, లేకుంటే నా తిప్పలు మీకెట్ల అర్థమైతాయి?

నా పేరు ప్రభాకర్. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రాళ్లు చెక్కి బతికేవాణ్ని, మా నాయన నేర్పిన పని. నంద్యాలలో బట్టల అంగడి విశ్వేశ్వరయ్య సావుకారి తన ఒక్కగానొక్క కూతురు దీక్షిత నిలువెత్తు విగ్రహం చెక్కమని నాకు పురమాయించినాడు. కూతురు బెంగళూరులో చదువుకుంటాంటే జ్వరమొచ్చి పోయిందని, ఆడనే దహనం చేసి వచ్చినామని ఊరంతా చెప్పినాడు. పెద్దకర్మ గూడా చేసినాడు. సగం నంద్యాల వచ్చి కండ్లు తుడుచుకోని, అన్నం తిని పోయింది. అదే సావుకారి నిలోఫర్‌తో ఇంకో పని చేయించినాడు. కండ్లకు హెడ్‌సెట్ కట్టుకుంటే చాలు, ఆయన ఇల్లు ఉన్నదున్నట్లు కనపడతాది. ఆ ఇంట్లో ఉయ్యాల మీద దీక్షిత కూర్చోని ఉంటాది. “నాయనా, అన్నం తిన్నావా?” అని అడుగుతాది. పాత వీడియోలు, పాత గొంతు పెట్టి కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ అది.

నిలోఫర్ ఎవరంటారా? నేను పెండ్లి చేసుకోవాలనుకుంటాండే పిల్ల. ఆ మాట మా ఇంట్లో తెలీదు, వాళ్ల నాయన గౌస్‌కు అసలే తెలీదు. ఆ పిల్లే పోయిన వారం నా చెవిలో పిడుగు లాంటి మాట వేసింది. దీక్షిత చావలేదు. అంగట్లో లైట్లు బిగించేదానికి వచ్చిన యేసుదాసును పెండ్లి చేసుకోని యాడనో దాక్కోనుంది. కన్నతండ్రే ఆ పిల్లను నోటితో చంపి, కర్మ చేసి, ఊరికి అన్నం పెట్టినాడు.

ఇంక విగ్రహానికి కండ్లు ఎట్ల తెరిచేది? మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. బతికున్న మనిషి బొమ్మకు కనుపాప గీయం. గీస్తే ఆ మనిషి ఆయుస్సు రాతిలోకి పోతాదని మా నాయన నమ్మినాడు, వాళ్ల నాయన నమ్మినాడు. నేను నమ్ముతానో లేదో నన్నడగొద్దు. ఉలి మాత్రం లేవలేదు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున.

గ్రైండర్ ఆపి టీ గ్లాసు పట్టుకున్నానో లేదో, తెల్ల కారు వచ్చి షెడ్డు ముందర ఆగింది. సావుకారి దిగినాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. రాతిదుమ్ము అంటుతాదని జంకేది గూడా లేదు, నేరుగా విగ్రహం కాడికి పోయి నిలబడినాడు.

చెయ్యి చాపి, విగ్రహం కొంగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడమ పట్టుకోని మెల్లగా నలిపినాడు. రాయి నలుగుతాదా? వేళ్లే నలుగుతాండాయి. ఆయనకు అది తెలిసినట్లే లేదు. పట్టు అసలుదా నకిలీదా అని తేల్చేటప్పుడు బట్టల అంగడోళ్లు చేసే పని అది. చిన్నప్పటి నుంచి చేసీ చేసీ వేళ్లకు పట్టిపోయి ఉంటాది. నేను ఆ అంచు అంత పల్చగా తీసినా మరి! ఇన్నేండ్లలో నా పనికి ఎవురూ ఇంత పెద్ద మెప్పు ఇయ్యలేదు. సిగ్గులేని మనసు నాది, అంత భయంలో గూడా పొంగిపోయింది.

“ధర్మవరం పట్టు,” అన్నాడు సావుకారి. “దాని పెండ్లికని నేనే ఎత్తిపెట్టిన చీర. కట్టుకోనే లేదు. ఒట్టి ఫోటో చూసి ఇంత బాగా తీసినావే.”

“మీ దయ సావుకారీ.”

“దయ గాదప్పా, నీ చెయ్యి.” తల ఎత్తి విగ్రహం మొగం చూసినాడు. ముక్కు అయిపోయింది, పెదాలు అయిపోయినాయి, చెవి కమ్మలు గూడా అయిపోయినాయి. కండ్లు మాత్రం కోడిగుడ్ల మాదిరి నున్నగా ఉండాయి. “ఏందీ, ఇంకా కండ్లు తెరవలేదు?”

“సన్న ఉలి మొన పోయింది సావుకారీ. కొత్తది చేయిస్తాండా.”

“అట్లనా.”

ఆ ‘అట్లనా’లో కోపం ల్యాదు. కోపముంటే బాగుండేది, కోపానికి బదులు చెప్పొచ్చు. చేతులు వెనక్కి కట్టుకోని షెడ్డంతా తిరిగినాడు. మూలన ఒక నాయకుడి రాతిబొమ్మ ఉంది, కండ్లకు నల్లద్దాలు చెక్కిన బొమ్మ. డబ్బుండే ఆ పెద్దమనిషి తను బతికుండంగానే చేయించుకున్నాడు, తీసకపోకుండా వదిలేసినాడు. దాని కాడ ఆగి నవ్వినాడు సావుకారి.

“మీ నాయన చెప్పినాడప్పా ఈ నల్లద్దాల కథ. మా అంగట్లో పంచెలు తీసుకునేదానికి వచ్చినప్పుడు. ఈయన బతికుండాడు గాబట్టి కనుపాపలు గీయకూడదు, గీయకుంటే ఈయన ఊరుకోడు, ఇద్దరికీ మంచిగా నల్లద్దాలు పెట్టినానని. ఎంత నవ్వుకున్నామో ఆ పొద్దు.”

టీ గ్లాసు పక్కనుండే రాయి మీద పెట్టినా. “పాతకాలం మాటలు సావుకారీ.”

“పాతవో కొత్తవో. నువ్వు నమ్ముతావా?”

‘నమ్మను’ అని ఉంటే సరిపోయేది. నోట్లో నాలుక ఉండి ఏం లాభం? “మా నాయన నమ్మినాడు,” అన్నా.

“ఊఁ.” ఆయన మళ్లా విగ్రహం తట్టు తిరిగినాడు. “పోయిన తూరి నేను వచ్చినప్పుడు ఉలి చేతిలో పట్టుకోని, రేపే తెరుస్తా అంటివి. నాకు బాగా గుర్తు. నడమ ఏమైందప్పా?”

ఉలి మొన సంగతి మళ్లా చెప్పబోయినా. చెయ్యెత్తి వద్దన్నాడు. దగ్గరికి వచ్చి నా భుజం తట్టినాడు, సొంత మేనమామ తట్టినట్ల.

“నిలోఫర్ ఈ మధ్య ఆళ్లగడ్డకు వస్తాందా?”

“విగ్రహం కొలతలకని ఒకసారి వచ్చింది.”

“మంచి పిల్ల. పనిమంతురాలు.” కారు కాడికి నడుచుకుంటా అన్నాడు, “టీ తాగప్పా, చల్లారిపోతాంది. కండ్లకేం తొందర లేదులే.”

సంవత్సరీకం నాటికి అంగడి ముందర నిలబెట్టాలని మొన్నటిదాకా ప్రాణం తీసిన మనిషి. ఈ పొద్దు తొందర లేదంట! కారు పోయినాక గూడా నేను ఆడనే నిలబడినా. ఏదో తప్పు జరిగింది. ఏం తప్పో మాత్రం నా బండబుర్రకు తట్టలేదు. నిలోఫర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పనిలో ఉంటే ఆ పిల్ల ఫోన్‌ను మూలన పారేస్తాది. చొక్కా మార్చుకోని బస్సెక్కినా. అహోబిలం నుంచి వచ్చేవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. నంద్యాల వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడి, సావుకారి అన్న ప్రతి మాటా మళ్లా మళ్లా తిప్పి చూసుకున్నా.

నిలోఫర్ గది నంద్యాలలో ఒక దర్జీ అంగడి మీద. కింద మిషన్లు టకటకలాడతాంటాయి, పైన ఆ పిల్ల కంప్యూటర్లు గుర్రుమంటాంటాయి. నేను మెట్లెక్కేసరికి తలుపు తీసే ఉంది.

“దుమ్ము దులుపుకోని రా,” అంది తల తిప్పకుండానే. “నువ్వొస్తే నా మిషన్లు తుమ్ముతాయి. ఏం ప్రభా, ఆళ్లగడ్డలో రాళ్లన్నీ అయిపోయినాయా?”

వేరే పొద్దయితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. “సావుకారి వచ్చినాడు,” అన్నా.

కుర్చీ తిప్పుకోని నా మొగం చూసింది. నీళ్ల సీసా చేతికిచ్చింది. తాగి మొత్తం చెప్పినా. కొంగు నలిపింది చెప్పినా, నల్లద్దాలు చెప్పినా, తొందర లేదన్న మాట చెప్పినా.

“ఆగు. మీ ఇంటి పట్టింపు ఆయప్పకు తెలుసా?”

“మా నాయన చెప్పినాడంట. నాకు ఈ పొద్దే తెలిసింది.”

“యా అల్లా!” లేచి నిలబడింది. “నువ్వు మనిషివా, నీ బండరాయికి తమ్ముడివా? చచ్చిపోయిన పిల్ల బొమ్మకు కండ్లు తెరిచేదానికి నీకు అడ్డమేముంది ప్రభా? మొన్న తెరుస్తా అన్నోడివి ఈ పొద్దు తెరవలేదంటే ఏమని అర్థం? ఆ పిల్ల బతికుందని నీకు తెలిసిందనే గదా! నువ్వు నోరు తెరవకుండానే అంతా చెప్పేసినావు.”

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆడనే స్టూలు మీద కూలబడినా.

“ఆ పిల్లకు ఏమన్నా అయితాదేమోనని నిలిపేసినా, నీలో,” అన్నా. నిలోఫర్‌ను నేను ‘నీలో’ అనే పిలుస్తా. “కండ్లు తెరిస్తే పాపమనుకున్నా.”

“ఇప్పుడేమైతాదో చూడు మరి.” అన్న మాటకు ఆ పిల్లకే ఏడుపొచ్చింది. దుపట్టాతో మొగం తుడుచుకోని నా పక్కన నేల మీద కూర్చుంది. “నీకెవురు చెప్పి ఉంటారని చూస్తాడు ఆయప్ప. నేను తప్ప నీకు తెలిసినోళ్లు ఎవురుండారు? నాకెట్ల తెలిసిందని చూస్తాడు. ఆయమ్మ కాడికి పోతాడు.”

ఆయమ్మంటే సావుకారి భార్య పుష్పావతమ్మ. ఈ ముక్క గూడా చెప్పాల. సావుకారి హెడ్‌సెట్ కట్టుకుంటే కనపడేది బొమ్మ కూతురు. చెప్పినట్ల వింటాది, ఎదురుచెప్పదు, గడప దాటదు. కానీ పుష్పావతమ్మ కట్టుకుంటే ఉయ్యాల మీద కనపడేది నిజం దీక్షిత. అమ్మ ఏడుపు చూడలేక నిలోఫరే ఈ పని చేసింది. దీక్షితకు ఇంకో హెడ్‌సెట్ పోస్టులో పంపి, వారానికొక గంట ఆ బొమ్మ లోపలికి రమ్మనింది. శుక్రవారం మధ్యాన్నం, సావుకారి అంగట్లో ఉండే వేళ, అత్తగారు కమలాక్షమ్మ పక్కగదిలో కునుకు తీసే వేళ. అత్తకు వినపడుతాదని పుష్పావతమ్మ ఒక్క మాట గూడా మాట్లాడదు. ఊరికె చేతులతో సైగలు చేస్తాది. హెడ్‌సెట్ ముందరుండే కెమెరాలు ఆయమ్మ చేతులను చూస్తాయి. నిజం చేతులు ఎట్ల ఆడితే బొమ్మ చేతులు అట్లే ఆడతాయి. కూతురు మాట్లాడతాది, తల్లి చేతులతో బదులిస్తాది. అంతే వాళ్ల బతుకు.

ఇంకొక్కటి. దీక్షిత యాడుందో పుష్పావతమ్మ ఎప్పుడూ అడగలేదు. ‘నాకు చెప్పొద్దు పాపా, చెప్తే నా మొగంలో దాగదు’ అని నిలోఫర్‌తో మొదటనే చెప్పి పంపింది. నిలోఫర్‌కు తెలీదు. నాకు తెలీదు. పోస్టు గూడా యేసుదాసు స్నేహితుడెవురో కర్నూల్లో తీసుకున్నాడు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారనుకున్నాం.

“ఈ పొద్దు ఆపేయ్ నీలో,” అన్నా. “రావొద్దని చెప్పు ఆ పిల్లకు.”

“చెప్దామనే చూస్తాండా.” కంప్యూటర్ తట్టు తిరిగింది, తిరిగి నెత్తి కొట్టుకుంది. “వచ్చేసింది. అప్పుడే వచ్చి కూర్చోనుంది చూడు.”

తెర మీద సావుకారి ఇల్లు. నడవాలో ఎండ పడతాంది. ఆ ఎండ గూడా నిలోఫర్ చేసిందే. ఉయ్యాల మీద దీక్షిత, ధర్మవరం పట్టుచీరలో. సావుకారి ఆ చీరలోనే చేయమన్నాడు మరి. నేను రాతిలో తీసిన చీరే అది. నా విగ్రహం లేచి ఉయ్యాల ఊగుతాన్నట్లుంది. ఆ చీర చూస్తే నాకెప్పుడూ గర్వంగా ఉంటాది, ఈ పొద్దు మాత్రం చూడబుద్ధి కాలేదు.

“అక్కా, అమ్మ ఇంకా రాలేదా?” అంది దీక్షిత. స్పీకర్లలో గొంతు సన్నగా వచ్చింది.

నిలోఫర్ మైకు దగ్గరికి లాక్కోని ఏదో చెప్పబోయింది. అంతలోనే నడవాలో పుష్పావతమ్మ బొమ్మ ప్రత్యక్షమైంది. అదే జరీ అంచు నేతచీర, అదే పెద్దబొట్టు.

“వచ్చింది! ఆయమ్మకు ఏం గాలేదు!” నిలోఫర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ప్రభా, ఏం గాలేదు.”

నేనూ ఊపిరి పీల్చుకున్నా. చెప్పుకుంటే సిగ్గు, ఆ నిమిషంలో నాకు నవ్వు గూడా వచ్చింది. నేను ఊరికె భయపడినా, సావుకారికి ఏం తెలీలేదు, కొత్త ఉలి చేయించి ఇంకో సాకు చెప్పి ఎట్లనో ఒకట్ల నెట్టుకోని రావచ్చు అనుకున్నా.

“అయినా ఆపు,” అన్నా.

“ఒక్క నిమిషం ఉండు. వారమంతా ఈ గంట కోసమే బతుకుతాండారు ఇద్దరూ. చూసుకోనీ, తర్వాత మెల్లగా చెప్తా.” తర్వాత నా చెయ్యి వదలకుండానే మెల్లగా అంది, “మన సంగతి బయటపడినాక మా అమ్మీ నన్ను ఇట్లన్నా చూస్తాదో లేదో.”

ఆ పిల్ల వేళ్లు నా వేళ్లలో పెట్టుకున్నా. నన్ను ప్రేమించినందుకు ఈ పిల్లకు గూడా ఇట్లాంటి లేని ఇల్లే మిగులుతాదేమోనని భయమేసింది.

తెర మీద పుష్పావతమ్మ అట్లే నిలబడి ఉంది. ఏందో తేడాగా అనిపించింది నాకు. ఎప్పుడొచ్చినా ఆయమ్మ చేసే మొదటి పని ఒకటుందని నిలోఫర్ చెప్పింది. గబగబా వచ్చి కూతురి బుగ్గలు నిమిరి, తన కణతల కాడ మెటికలు విరుచుకుంటాది. ఈ పొద్దు విరవలేదు.

“దిష్టి తియ్యలేదేం?” అన్నా.

“మనసు బాగలేదేమో. నువ్వు ఊరుకో.”

దీక్షిత మాత్రం ఆగేటట్లు లేదు. ఉయ్యాల దిగి మాట్లాడతానే ఉంది. “అమ్మా, నిన్న డాక్టరమ్మ కాడికి పోయినాం. ఐదో నెల పడిందంట. బిడ్డ బాగుందంట. కదులుతాందమ్మా! పొద్దున తింటాంటే ఒక్కసారి తన్నింది, నేను ముద్ద వదిలేసినా.”

పుష్పావతమ్మ బొమ్మ కదల్లేదు. చేతులు రెండూ గాల్లో అట్లే ఆగిపోయినాయి. పోయిన శుక్రవారం ఇదే కడుపు మాట ఎత్తితే ఆయమ్మ ఆ బొమ్మ పొట్ట మీద చేతులు పెట్టి తడుముకోని ఏడ్చిందని నిలోఫర్ చెప్పింది. ఈ పొద్దు మొదటిసారి విన్నట్ల నిలబడింది.

“అమ్మా? ఏందమ్మా?” అంది దీక్షిత.

అప్పుడు చేతులు కదిలినాయి. కుడిచెయ్యి తన గుండె మీద పెట్టుకుంది. కూతురి తట్టు చూపించింది. రెండు వేళ్లు నడిపించి చూపించింది. ‘నేను నీ కాడికి వస్తా’. ఆ తర్వాత తన ఎడమ మణికట్టు మీద కుడిచేత్తో ఏదో తొడిగినట్లు చేసింది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

“గాజులా?” అంది దీక్షిత. “నాకు గాజులు తొడిగేదానికి వస్తావా అమ్మా? నిజంగా వస్తావా?”

బొమ్మ తల ఊపింది.

పక్కన నిలోఫర్ కండ్లు తుడుచుకుంటాంది. ఐదో నెలలో గాజులు తొడిగేదానికి తల్లి వస్తానంటే ఏ బిడ్డ కాదంటాది చెప్పండి? దీక్షిత వచ్చి తల్లి కాళ్ల కాడ కూలబడి మోకాళ్లకు తల ఆనించింది. “ఎన్ని దినాల నుంచి అనుకుంటాండానమ్మా, నువ్వొక్కసారి అడిగితే చాలు చెప్పేద్దామని. ఎంత దగ్గరలో ఉండానో తెలుసా నీకు? ఇంత దగ్గరలో ఉండి...”

పుష్పావతమ్మ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. కూతురి తల నిమరలేదు. నేల మీద పరుచుకున్న పట్టుకొంగును అందుకుంది. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడమ పట్టుకోని నలిపింది.

నేను చూస్తాండా. కండ్లు చూసినాయి, బుద్ధికి మాత్రం వెంటనే ఎక్కలేదు. ఆ చీర ఆడ ల్యాదు, ఆ వేళ్లకు ఒట్టి గాలి తప్ప ఏమీ తగలదు. అయినా వేళ్లు ఆగలేదు. నలుపుతానే ఉండాయి, పొద్దున నా రాతిని నలిపినట్ల.

“నీలో,” అన్నా. “నీలో, ఆ చేతులు... ఆయమ్మవి గావు.”

“ఏందీ?”

“...పాణ్యంలోనేనమ్మా,” అంటాంది దీక్షిత. ఏడుస్తా, నవ్వుతా, ఒక్క ఊపిరిలో చెప్పేస్తాంది. “పాణ్యం రైలు స్టేషను వెనక, మోటార్లు రిపేరు చేసే షెడ్డుంది, దాని మీద గది. ఈయన కర్నూలు పోయినాడు పనికి, రాత్రికి గానీ రాడు. నేనొక్కదాన్నే ఉండానమ్మా, ఈ పొద్దే రాగూడదా?”

మైకు గుంజుకున్నా. ఎట్ల గుంజుకున్నానో తెలీదు, నీళ్ల సీసా ఎగిరి పడింది. “దీక్షితా! చెప్పొద్దు! ఆడుండేది మీ అమ్మ గాదు! లేచి బయటికి పో, ఆ గదిలో ఉండొద్దు, పో!”

దీక్షిత బొమ్మ తల ఎత్తింది. అమ్మ మొగంలోకి చూసింది. “అమ్మా?” అంది. ఆ ఒక్క మాటే. నిలోఫర్ ఏదో నొక్కింది, దీక్షిత మాయమైంది. కొంగు లేదు, పిల్ల లేదు. నడవాలో వేళ్లు మాత్రం ఇంకా పట్టుకున్నట్లే గాల్లో ఉండాయి.

“తాళం పెట్టలేదు ప్రభా,” అంటాంది నిలోఫర్, పిచ్చిదాని మాదిరి. “హెడ్‌సెట్ పెట్టుకుంటే మొగుడూ పెండ్లాం ఇద్దరి మొగాలు కనపడతాయి, ఎవురి మొగం ముట్టుకుంటే వాళ్లు లోపలికి వస్తారు. ఆయమ్మకు నంబర్లు గుర్తుండవని నేనే తాళం పెట్టలేదు.” నా చేతిలో మైకు లాక్కోని అరిచింది, “అమ్మగారు యాడుండారు? పుష్పావతమ్మగారిని ఏం చేసినారు?”

నేను ఫోన్ తీసి దీక్షిత నంబరు ఇమ్మన్నా. నిలోఫర్ తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల నంబరు మా ఇద్దరి కాడా ల్యాదు. జాగ్రత్తకని మేమే వద్దనుకున్నాం. ఈ గంట తప్ప ఆ పిల్లను అందుకునే దారే లేదు, ఆ దారి నిలోఫర్ ఇప్పుడే మూసేసింది. మైకులో నా కేక విని ఆ పిల్ల గది వదిలిపెట్టి పోయిందో లేదో గూడా తెలీదు.

తెర మీద పుష్పావతమ్మ మెల్లగా మా తట్టు తిరిగింది. మొగం నిండా చల్లని నవ్వు. ఆ బొమ్మకు కోపం తెలీదు, ఏడుపు తెలీదు. నిలోఫర్ ఆ ఒక్క నవ్వే పెట్టింది. ఆ నవ్వులో నుంచి, పొద్దున నా భుజం తట్టిన మనిషి గొంతు వచ్చింది.

“ప్రభాకరప్పా, మీ ఇంటి పట్టింపు నేనెందుకు చెడగొడతా?” అన్నాడు సావుకారి. “పొద్దు మునిగేదాకా ఆగు. ఆ తర్వాత కండ్లు తెరువు.”